చేయి తిరగాలంటే

మొదటి రోజు రాడ్డు అంటుకుపోతుంది. ఎవరికైనా అంతే. ఐటీఐలో వెల్డర్ ట్రేడులో కొత్తగా చేరిన కుర్రాడు మొహానికి గ్లాసు అడ్డం పెట్టుకుని, హోల్డర్‌లో రాడ్డు బిగించి, ఇనప పలక మీద అగ్గిపుల్ల గీసినట్టు గీస్తాడు. మెరుపు లేస్తుంది. ఆ మెరుపుకు ఉలిక్కిపడి చేయి కిందికి దిగుతుంది, రాడ్డు కాస్తా పలకకు అతుక్కుని ఎర్రగా కాలుతుంది. లాగితే రాదు. పక్కకు విరిచినట్టు తిప్పి ఊడదీయాలి. రెండోసారి భయంతో చేయి మరీ పైకెత్తితే మంటే ఆరిపోతుంది. రాడ్డు కొసకూ పలకకూ మధ్య ఉండాల్సిన ఎడం సుమారు మూడు మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు ఆ రాడ్డు మందమంత. రాడ్డేమో కరుగుతూ క్షణక్షణానికీ పొట్టిదవుతుంది. అది కరిగే వేగంతోనే చేయి దిగాలి, దిగుతూనే ముందుకు జరగాలి, ఆ జరగడంలో తడబాటు ఉండకూడదు. నల్లటి అద్దంలోంచి కనిపించేది చిన్న నిప్పుల గుంట ఒక్కటే.

ఈ పని సగం చెవితో నేర్చుకోవాలి. ఎడం కుదిరితే నూనెలో బజ్జీ వేగుతున్నట్టు ఒకే తీరుగా చప్పుడొస్తుంది. ఎడం పెరిగితే ఆ చప్పుడు తెగిపోయి, రవ్వలు చుట్టూ చిమ్ముతాయి. చల్లారాక సుత్తితో కొడితే పైనున్న స్లాగ్ పెచ్చులుగా ఊడి, కింద అతుకు కనిపిస్తుంది. మొదటి వారం అది వానపాము పాకినట్టుంటుంది. ఇన్‌స్ట్రక్టర్ పలకను వెలుతురులో తిప్పి చూస్తాడు, ఎక్కడ చేయి వణికిందో వేలితో చూపిస్తాడు, ఇంకో రాడ్డు ఇస్తాడు.

ఆ ఇంకో రాడ్డు దగ్గరే అసలు సంగతంతా ఉంది. బాగా పని వచ్చినవాణ్ని తెలుగులో చేయి తిరిగినవాడంటారు. అంత మాట అనిపించుకోవాలంటే ఒకే పని వందల సార్లు చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి ఉండాలి. ప్రభుత్వ కాగితాల్లో నైపుణ్యాభివృద్ధి అని రాసేదానికి నేల మీద అర్థం ఇదే. పదో తరగతితోనో ఇంటర్‌తోనో చదువు ఆగిపోయిన పిల్లలకు, డిగ్రీ పట్టా ఉన్నా పని దొరకని వారికి బతుకుతెరువు చూపించాలని దశాబ్దాలుగా ఎన్నో పథకాలొచ్చాయి. వాటిలో కొన్ని నిలబడ్డాయి, కొన్ని సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోయాయి. ఈ తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకోవడం పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులకు చాలా అవసరం.

మన దేశంలో పని నేర్చుకునేవారిలో ఎక్కువమంది బడికి వెళ్లి నేర్చుకోరు. 2022–23 కార్మిక సర్వే ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వయసువారిలో పద్ధతిగా వృత్తి శిక్షణ పొందినవారు 4.4 శాతం. మరో 16.6 శాతం ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరో, పని చేస్తూనో, సొంతంగానో నేర్చుకున్నారు. అంటే మన అసలైన పనిబళ్లు ఊరి చివరి మెకానిక్ షెడ్డు, బస్టాండు పక్కన టైలర్ దుకాణం, మేస్త్రీ వెంట తిరిగే ఇళ్ల పనులు. హైదరాబాద్‌లో అయితే ఉస్తాద్ అంటారు. కుర్రాడు చేరిన కొత్తలో షెడ్డు ఊడుస్తాడు, టీ తెస్తాడు, పానాలు అందిస్తాడు. బండి కింద పడుకున్న ఉస్తాద్ చేయి చాచి "పద్నాలుగు" అంటే పద్నాలుగో నంబరు పానాయే ఆ చేతిలో పడాలి. ఏడాది తిరిగేసరికి ఏ బోల్టుకు ఏ పానా పడుతుందో చూడగానే చెబుతాడు. ఇంజిన్ చప్పుడు విని చైను వదులైందో, ట్యాపెట్లు కొడుతున్నాయో పసిగడతాడు. ఫీజు లేదు, హాజరుపట్టీ లేదు, అయినా ఆ షెడ్డుల్లోంచి వచ్చినవాళ్లే ఇవాళ మన బండ్లను నడిపిస్తున్నారు.

ఆ చదువుకు గౌరవం ఇవ్వాలి. దాని లోటు కూడా చెప్పుకోవాలి. గ్లాసు లేకుండా వెల్డింగ్ దగ్గర నిలబడ్డ కుర్రాడికి ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. జీతం ఎంతన్నది ఉస్తాద్ దయ. పైగా బండి మారిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు లోబడిన వాహనాలే అమ్మాలన్న నిబంధన రావడంతో చాలా మోటార్‌సైకిళ్లలో కార్బురేటర్ పోయి, సెన్సార్లతో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ముప్ఫై ఏళ్లు కార్బురేటర్ స్క్రూ తిప్పి ఇంజిన్‌ను దారికి తెచ్చిన చేతికి ఇప్పుడు స్కానర్ కావాలి, దాని తెర మీది కోడ్ చదవడం రావాలి. ఎలక్ట్రిక్ బండి అయితే విప్పడానికి ఇంజినే ఉండదు. షెడ్డు నేర్పినదాని మీద మరో మెట్టు కట్టాల్సిన అవసరం ఇక్కడే వచ్చింది. ఇలాంటి పనివాళ్లకు ఉన్న పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. అయితే సర్టిఫికెట్‌తో పాటు ఆ స్కానర్ కూడా నేర్పితేనే ఉస్తాద్ షెడ్డు నిలుస్తుంది.

బడిలో పని నేర్పాలన్న ఆలోచన తెలుగునేలకు కొత్తేమీ కాదు. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడే పుస్తకాల చదువు పక్కన నేత, వడ్రంగం లాంటి చేతిపనులకు చోటిచ్చారు. పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పారు. జాతీయోద్యమం నాటి ఆ బడి ఉద్దేశం స్పష్టమే: చదువుకున్న కుర్రాడు గుమాస్తా ఉద్యోగం కోసం దొర గుమ్మం ముందు నిలబడకూడదు. 1937లో మద్రాసులో మొదలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలకూ, ఒంటరి స్త్రీలకూ పరీక్షలతో పాటు చేతిపని కూడా నేర్పి కాళ్ల మీద నిలబెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో కేంద్రం చేతివృత్తి శిక్షణ పథకం ప్రారంభించింది, నేటి ఐటీఐలకు అదే మూలం. ఇప్పుడు దేశమంతా దాదాపు 15 వేల ఐటీఐలున్నాయి. 1978లో హైదరాబాద్, సికింద్రాబాద్ యువత కోసం సెట్విన్ అనే సంస్థ వచ్చింది. ఆ తరం హైదరాబాదీలకు సెట్విన్ అనగానే చార్మినార్ దారిలో కిక్కిరిసి వెళ్లే చిన్న బస్సులే గుర్తొస్తాయి కానీ, కుట్టుపని నుంచి ఏసీ మరమ్మతు దాకా వేల మంది పాతబస్తీ పిల్లలకు పని నేర్పింది కూడా అదే సంస్థ.

ఇన్ని ప్రయత్నాల్లో ఒకటి మాత్రం కాస్త నిలబడి చూడాల్సినది. అది పుట్టింది మన దగ్గర కాదు, కర్ణాటకలో ధర్మస్థల పక్కనున్న ఉజిరె అనే ఊళ్లో.

ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే దగ్గరికి ఉద్యోగం ఇప్పించమనో, సాయం చేయమనో వచ్చే నిరుద్యోగులు చాలామంది. ఒక్కొక్కరికీ కాస్త డబ్బిచ్చి పంపితే ఎంత దూరం వెళుతుంది? 1982లో ఆయన ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు చేతులు కలిపి రుడ్‌సెటి అనే శిక్షణ సంస్థను పెట్టాయి. ఆ రెండు బ్యాంకులూ 2020లో కలిసిపోయి ఒక్కటయ్యాయి, సంస్థ మాత్రం నడుస్తూనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురంలో, వేటపాలెంలో దాని శాఖలున్నాయి. 2009 నుంచి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఇదే పద్ధతిని జిల్లాకొకటి చొప్పున బ్యాంకులకు అప్పగించింది. ఆర్‌సెటి అని బోర్డు కనిపించే కేంద్రాలు అవే. దేశంలో ఇప్పుడు దాదాపు ఆరు వందలున్నాయి.

అక్కడ శిక్షణ ఎలా జరుగుతుందో చూస్తే ఎందుకు నిలబడిందో అర్థమవుతుంది. బ్యాచికి ముప్ఫై అటూ ఇటూ మంది. కొన్ని కోర్సులు పది రోజులవి, కొన్ని నెలా నెలన్నర పైబడినవి. తిండి, బస అంతా ఉచితం, అందరూ అక్కడే ఉండాలి. ఉండాలన్న ఆ షరతు చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా పెద్దది. సాయంత్రం ఇంటికెళితే గేదెలకు గడ్డి కోయాలి, తమ్ముణ్ని ట్యూషన్‌లో దింపాలి, రేపు పెళ్లికి రమ్మంటే కాదనలేం. ఇక్కడుంటే చేయి ఖాళీగా ఉండదు, మనసూ వేరే దారి పట్టదు. పొద్దున్నే వ్యాయామం, ఆవరణ శుభ్రం చేసే శ్రమదానం, ఆ తర్వాత నిన్న నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఏమిటో ఒక్కొక్కరూ లేచి నిలబడి చెప్పాలి. పది మంది ముందు నోరు విప్పని కోడలు పిల్ల మొదటి రోజు రెండు మాటలు అని కూర్చుంటుంది. మూడో వారానికి కస్టమర్‌తో బేరమాడే గొంతు వస్తుంది. మధ్యలో బజారుకు పంపుతారు. ఊళ్లో జాకెట్టు కుట్టుకూలి ఎంత, మగ్గం వర్క్‌కు ఎంత తీసుకుంటున్నారు, దారాలూ పూసలూ ఎక్కడ చవక, అప్పు ఎంతకాలం పెడతారు అని తెలుసుకుని రావాలి. బ్యాంకు అప్పుకు కావలసిన ప్రాజెక్టు రిపోర్టు వాళ్ల చేతే రాయిస్తారు. నడిపేది బ్యాంకు కాబట్టి మేనేజరును చూసి భయపడే అలవాటు కూడా అక్కడే పోతుంది.

శిక్షణ అయిపోయాక కూడా రెండేళ్ల పాటు సంస్థ మనుషులు వాళ్లను వదలరు. దుకాణం తెరిచారా, అప్పు మంజూరైందా, ఎక్కడ ఆగారు అని అడుగుతూ ఉంటారు. ఎంతమందికి నేర్పామన్నదానితో పాటు ఎంతమంది స్థిరపడ్డారన్నది కూడా అక్కడ లెక్క. ఎన్నో పథకాలు జారిపోయింది ఈ రెండేళ్ల దగ్గరే.

కోర్సు మొదటి రోజుల్లో ఒక ఆట ఉంటుంది. కొంత దూరంలో నాటిన మేకు మీదికి రింగు విసరాలి. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వాళ్లే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గరగా నిలబడితే పడినా గొప్ప లేదు, మరీ దూరం నుంచి పడితే అది అదృష్టం. తన చేతి సత్తా తెలిసినవాడు కొంచెం కష్టమైన దూరం ఎంచుకుని, తప్పితే అరడుగు ముందుకు జరిగి మళ్లీ విసురుతాడు. వ్యాపారంలో రిస్కు అంటే ఏమిటో ఉపన్యాసం లేకుండా చెప్పేస్తుందిది. ఈ ఆట వెనక ఒక తెలుగు కథ ఉంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లీలాండ్, సాధించాలన్న తపన పుట్టుకతో వచ్చేదేనా, నేర్పితే వస్తుందా అని తేల్చుకోవడానికి 1964లో కాకినాడను ఎంచుకున్నాడు. అక్కడి చిన్న వ్యాపారులను బృందాలుగా హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని సియెట్ సంస్థకు రప్పించి, సుమారు పది రోజుల చొప్పున శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు ఆ సంస్థ పేరు ని-ఎంఎస్‌ఎంఈ. ఆ తర్వాత రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లు, పొందనివాళ్లతో పోలిస్తే ఎక్కువగా కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పనిచ్చారు. 1969లో ఆ వివరాలతో పుస్తకమే వచ్చింది. మన దేశంలో స్వయం ఉపాధి శిక్షణలకు ఆ కాకినాడ ప్రయోగం ఒక పునాది. కాకినాడలోనే ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ కావడం బాధ కలిగించే విషయం.

ఇక తేలిపోయిన చోటికి వద్దాం. 2015 జులై 15న స్కిల్ ఇండియా పేరుతో దేశవ్యాప్త ఉద్యమం మొదలైంది. కౌశల్ వికాస్ యోజన కింద పెట్టిన స్వల్పకాలిక కోర్సులు చాలావరకు 150 నుంచి 300 గంటలవి. మొదటి మూడు విడతల్లో ఈ కోర్సులు పూర్తి చేసి సర్టిఫికెట్ అందుకున్నవారు దాదాపు 57 లక్షల మంది, ఉద్యోగాల్లో చేరినట్టు నమోదైనవారు 24 లక్షల పైచిలుకు. నూటికి నలభై ముగ్గురు. నాలుగో విడతకు వచ్చేసరికి అభ్యర్థి తనకు నచ్చిన దారి ఎంచుకుంటాడంటూ ఉద్యోగాల లెక్క తీయడమే మానేశారు. ఇది పొరపాటు నిర్ణయం. పని దొరికిందో లేదో అడగకపోతే ఏ కేంద్రం బాగా నేర్పుతోందో ఎలా తెలుస్తుంది?

పైగా ఉద్యోగంలో చేరడం ఒక ఎత్తు, ఉండడం మరో ఎత్తు. మన్యంలోనో పాలమూరు పల్లెలోనో శిక్షణ పొందిన ఇరవై ఏళ్ల కుర్రాడికి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగం వచ్చిందనుకుందాం. నెలకు పన్నెండు వేలు చేతికొస్తాయి. నలుగురు కలిసి గది తీసుకున్నా అద్దె, హాస్టల్ భోజనం, బస్సు చార్జీలు, ఫోన్ రీఛార్జి పోగా ఇంటికి పంపేది రెండు మూడు వేలు. జీతం వచ్చేదేమో నెలాఖరున, గది అడ్వాన్సు కట్టాల్సింది మొదటి రోజున. ఆ మొదటి నెల గట్టెక్కక తిరిగొచ్చేసిన పిల్లలు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. ఊళ్లోవాళ్లేమో వాడికి పని మీద శ్రద్ధ లేదంటారు. గ్రామీణ యువత కోసం 2014 సెప్టెంబరు 25న మొదలైన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన ఈ కష్టాన్ని గుర్తించింది. శిక్షణ పొందినవారిలో 70 శాతానికి తగ్గకుండా ఉద్యోగం చూపించాలని షరతు పెట్టింది, కొత్త ఊళ్లో కుదురుకునేదాకా కొన్ని నెలలు కొంత సొమ్ము ఇవ్వాలని రాసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లోనే పల్లె యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లో పెట్టే మిషన్ నడిచింది కాబట్టి ఈ పాఠం మనకు కొత్త కాదు.

ఏ పని నేర్పాలన్నది ఇంకో చిక్కు. ఒకే ఊళ్లో ముప్ఫై అయిదు మందికి కుట్టుమిషన్లు ఇచ్చి మామూలు జాకెట్లు నేర్పితే, ఆ ఊరి జాకెట్లన్నీ కలిపినా ఆరుగురికి పని సరిపోదు. మిషన్ల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. అదే వాళ్లలో పది మందికి పెళ్లి జాకెట్ల మగ్గం వర్క్, నలుగురికి స్కూలు యూనిఫాంల కటింగ్, ఇద్దరికి మిషన్ల మరమ్మతు నేర్పి ఉంటే కథ వేరుగా ఉండేది. కుట్టుమిషన్ బాగుచేసే మనిషి కోసం చుట్టుపక్కల పది ఊళ్లు ఎదురుచూస్తుంటాయి, ఆ కోర్సు పెట్టే కేంద్రాలు మాత్రం తక్కువ.

కరువున్న పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఏప్రిల్ నెలలో ఏసీ మెకానిక్ ఫోను చూడాలి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ కంపెనీలు ఏసీలు తయారుచేస్తున్నాయి. తయారైన ప్రతి ఏసీ ఎవరో ఒకరి గోడకు బిగించాలి, ఏటా శుభ్రం చేయాలి. ఆ బిగింపులో ఒక చిన్న ఘట్టం ఉంది. లోపలి పెట్టెకూ బయటి పెట్టెకూ మధ్య రాగి పైపు వేసి, దాని కొసను గరాటులా వెడల్పు చేసి నట్టుతో బిగిస్తారు. దీన్నే ఫ్లేరింగ్ అంటారు. పైపు కట్టర్‌తో తిన్నగా కోయాలి. కోసిన అంచున మిగిలిన గరుకు తీయాలి, తీసేటప్పుడు పైపు నోరు కిందికి ఉండాలి, లేకపోతే రాగి రజను లోపలికి పడి తర్వాతెప్పుడో కంప్రెసర్‌ను తినేస్తుంది. ఫ్లేరింగ్ టూల్‌లో పైపు ఎంత బయటికి ఉంచాలో ఆ కొలత తప్పితే గరాటు చిట్లుతుంది, లేదా పూర్తిగా విచ్చుకోదు. అంతా చక్కగా చేసి, అందమైన గరాటు వచ్చిందని మురిసిపోయే వేళకు కొత్తవాడికి నట్టు బల్ల మీదే కనిపిస్తుంది. ముందుగా పైపుకు తొడగడం మరిచిపోయాడు! మళ్లీ కోసి మొదటినుంచి చేయాలి. ఈ తప్పు చేయని మెకానిక్ లేడు, నాలుగోసారి చేసినవాడూ దాదాపు ఉండడు.

ఆ తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లోని గాలినీ తేమనూ లాగేయాలి. ఎండాకాలంలో రోజుకు ఎనిమిది ఇళ్లు తిరిగే హడావుడిలో చాలామంది దీన్ని దాటవేస్తారు. తేమ లోపలే ఉండిపోయిన ఏసీ మొదటి వేసవి బాగానే చల్లబరుస్తుంది, తర్వాత మొరాయిస్తుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాసుకు కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి, లీకు ఉన్నచోట మంట పెట్టి అతికే పాత అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది. ఎందుకు చేయాలో చెప్పే పాఠం, ఎలా చేయాలో చూపించే బల్ల, రెండూ ఉన్న బడి కావాలి. సూర్యఘర్ పథకం కింద కోటి ఇళ్ల మీద సౌర పలకలు పెట్టాలని 2024లో కేంద్రం తలపెట్టింది. డాబా మీద పలకలు బిగించే చేతుల విషయంలోనూ ఇదే అవసరం.

మన ఇళ్లలో మాత్రం ఐటీఐ అనే మాట ఇంకా గొంతు తగ్గించే చెబుతారు. పదో తరగతిలో మార్కులు తగ్గినవాడు పోయే చోటని ఒక ముద్ర. సంబంధాలు చూసేటప్పుడు ఫిట్టర్ అనడానికి మొహమాటపడి, కంపెనీలో చేస్తున్నాడంటారు. ఆ ఫిట్టరే చేయి తిరిగినవాడైతే, ఏ పనీ రాని పట్టభద్రుడి కన్నా ముందు ఇల్లు కట్టుకుంటున్న ఊళ్లున్నాయి. ఐటీఐతో చదువు ముగిసిపోదన్న సంగతి కూడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. రెండేళ్ల ట్రేడు పూర్తి చేసినవారు బ్రిడ్జి కోర్సు చదివి, ప్రవేశ పరీక్ష రాసి నేరుగా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు, అక్కడినుంచి ఇంజినీరింగ్‌కూ దారి ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఆర్టీసీ, రైల్వే, సింగరేణి, ఈసీఐఎల్, విశాఖ ఉక్కు లాంటి సంస్థల్లో అప్రెంటిస్‌గా గడిపిన ఏడాది, కుర్రాడికి నిజమైన యంత్రాన్నీ, షిఫ్టునూ, ఫోర్‌మన్ కోపాన్నీ పరిచయం చేస్తుంది. బడిలో ఇవేవీ దొరకవు. యంత్రాల విషయంలో బళ్లు వెనకబడ్డాయన్నది నిజమే. అందుకే తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చే పని 2024లో చేపట్టింది. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ అనే శిక్షణ సంస్థ అయితే 1968 నుంచీ టూల్ అండ్ డై పనిలో నిపుణులను తయారుచేస్తోంది.

ఆడపిల్లల దారి ఇంకా ఇరుకు. వాళ్లనగానే కుట్టుపని, బ్యూటీషియన్, కంప్యూటర్ అని మూడు మాటలతో సరిపెడతారు. సిద్దిపేట జిల్లాకు చెందిన ఒక యువతి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివింది. 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ప్రకటన ఇస్తే, అందులో ఆడవాళ్లకు అవకాశం లేదు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఆదేశంతో రాతపరీక్ష రాసింది, స్తంభం ఎక్కే పరీక్షలో నిలబడి, పైదాకా ఎక్కి దిగింది. 2022లో ఉద్యోగపత్రం అందుకుని రాష్ట్రంలో తొలి లైన్‌ఉమన్ అయింది. ఆమెకు ఆ ట్రేడులో సీటిచ్చిన రోజున, చదువు అయ్యాక ఉద్యోగం ఇస్తారా అని ఎవరూ ఆలోచించి ఉండరు. ట్రేడు తలుపు తెరిచి ఉద్యోగం తలుపు మూసి ఉంచే చోట్లు ఇంకా ఎన్నో ఉన్నాయి.

పిల్లల్ని ఎక్కడైనా చేర్పించబోయే తల్లిదండ్రులు కేంద్రం భవనాన్నీ, గోడ మీది ఫొటోలనూ చూసి రాకూడదు. ప్రాక్టికల్ జరిగే వేళకు వెళ్లాలి. కొన్నిచోట్ల ఇన్‌స్ట్రక్టర్ ఒక్కడు చేస్తుంటాడు, నలభై మంది చుట్టూ నిలబడి చూస్తుంటారు. సరుకు చాలదు కాబట్టి ఆ నలభై మందికీ వారానికొకసారి వంతు వస్తుంది. అలా ఏడాదంతా చూసినా రాడ్డు మొదటి రోజులాగే అంటుకుపోతుంది. రోజుకు ఒక్కొక్కరికి ఎన్ని రాడ్లు ఇస్తున్నారు, ఎన్ని అడుగుల రాగి పైపు ఇస్తున్నారు అని అడగాలి. పోయినేడు పాసైనవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇవ్వండి అనీ అడగాలి. బయటికి వచ్చేటప్పుడు వర్క్‌షాపు మూలనున్న తుక్కు డ్రమ్ములోకి ఒకసారి తొంగిచూడాలి. అందులో రెండంగుళాల రాడ్డు ముక్కలు, వంకర అతుకుల పలకలు, చిట్లిన రాగి గరాటులు అంచుదాకా ఉంటే, పిల్లవాణ్ని అక్కడ ధైర్యంగా చేర్పించవచ్చు.